సంక్రాంతి సంచి జైలు గేటు దాటేదాకా: నా అనుభవం

నిన్న మధ్యాహ్నం మూడింటికి మా తమ్ముడి సంచి గేటు దాటింది. ఇది మూడో ప్రయత్నం. మొదటి రెండుసార్లూ వెనక్కి మోసుకొచ్చాను. ఎందుకు తీసుకోలేదో, ఏం చేస్తే తీసుకుంటారో ముందే చెప్పే దిక్కు ఎక్కడా లేదు. అందుకే మరిచిపోకముందే అంతా రాసిపెడుతున్నాను. తమ్ముడు ఆంధ్రలో ఒక సెంట్రల్ జైల్లో రిమాండు ఖైదీ. శిక్ష పడినవాళ్ళ పద్ధతి వేరు. వాళ్ళు జైలు బట్టలే కట్టుకోవాలి, కొత్త చొక్కా పంపినా ఉపయోగం ఉండదు. కాబట్టి ఇది రిమాండులో ఉన్నవాళ్ళ ఇంటివాళ్ళ కోసం.

ములాఖత్ నమోదు తేలిక. ఈ-ప్రిజన్స్ సైటులో ఈ-ములాఖత్ తెరిచి మన వివరాలు, గుర్తింపు కార్డు నంబరు, లోపలివాళ్ళ పేరు, తండ్రి పేరు, వయసు నింపితే ఫోనుకు ఓటీపీ వస్తుంది. పేరు మాత్రం రిమాండు కాగితంలో ఎలా ఉంటే అక్షరం పొల్లు పోకుండా అలాగే కొట్టాలి. ఇంట్లో పిలిచే పేరు, ఇంటిపేరు ముందూ వెనకా అయితే మనిషి దొరకడు. వెళ్ళేటప్పుడు ఆధార్ అసలుదీ, రెండు జిరాక్సులూ పట్టుకెళ్ళండి. యూటీ నంబరు, అంటే రిమాండు ఖైదీకి జైల్లో ఇచ్చే నంబరు, ఒక కాగితం మీద పెద్దగా రాసి పెట్టుకోండి. ఆ గేటు దగ్గర మీవాడికి పేరు కన్నా ఆ నంబరే ముఖ్యం.

డబ్బు సంగతి కూడా చిన్నదే. కౌంటరులో కట్టొచ్చు, దూరాన ఉన్నవాళ్ళు మనియార్డరు చేయొచ్చు. మనియార్డరు కమీషను నూటికి 5, అంటే వెయ్యికి 50. చిరునామాలో ఖైదీ పేరు, తండ్రి పేరు, యూటీ నంబరు, కేరాఫ్ సూపరింటెండెంటు, జైలు పేరు, పిన్‌కోడు ఉండాలి. ఆ డబ్బు చేతికివ్వరు, అతని పేరున జమ వేసుకుంటారు, అందులోంచి క్యాంటీనులో కొనుక్కుంటాడు. పండక్కి పది రోజుల ముందే పంపితే గానీ పండగనాటికి ఖాతాలో కనపడదు. సబ్బు, పేస్టు, కొబ్బరినూనె లోపల దొరుకుతాయి. వాటితో సంచి నింపి తనిఖీవాళ్ళకు పని పెంచొద్దు.

ఇక తనిఖీ. గేటు పక్కన రేకుల షెడ్డు, దాని కింద ఒక సిమెంటు దిమ్మె. దిమ్మె మీద దారంతో కట్టేసిన కత్తెర, పక్కన సైకిలు చువ్వంత సన్నటి ఇనప ఊచ. మొదటిసారి నేను తీసుకెళ్ళింది అమ్మ వండిన ఇరవై అయిదు అరిసెలు, కిలో సున్నుండలు, జంతికలు, అన్నీ స్టీలు డబ్బాల్లో. డ్యూటీలో ఉన్నాయన అరిసెలు ఒక్కొక్కటీ తీసి నాలుగేసి ముక్కలు చేశాడు. సున్నుండల్ని వేళ్ళతో నలిపాడు. దిమ్మె నిండా నువ్వులు, నెయ్యి మరకలు. ఇరవై అయిదో అరిసె కూడా విరిచాక డబ్బా నా వైపు తోసి, "ఇంటి వంట లోపలికి పోదు, తీసుకెళ్ళిపోమ్మా" అన్నాడు. ఆ మాట మొదటి అరిసె ముట్టుకోకముందు అనాలి. నా వెనక నలభై మంది వరుసలో నిలబడి చూస్తుండగా ఆ ముక్కలు ఏరి డబ్బాలో వేసుకున్నాను. అమ్మకు ఆ డబ్బా చూపించలేదు.

విరవడాన్ని నేను తప్పు పట్టను. గంజాయి పొట్లం, సిమ్ కార్డు, బ్లేడు ముక్క లోపలికి పోవడానికి తిండి ఒక దారి. నిషేధించినవి పంపితే 1894 ప్రిజన్స్ చట్టం సెక్షన్ 42 కింద పంపినవాళ్ళకే ఆరు నెలల దాకా జైలు. ఎవరో ఇచ్చిన పొట్లాన్ని "మా వాడికి కూడా ఇవ్వక్కా" అంటే మీ సంచిలో పెట్టుకోకండి, ఎంత ఏడ్చినా సరే. కానీ తీసుకోనిదాన్ని విరవడానికి ఏ నిబంధనా లేదు. తీసుకునే వస్తువుల పట్టీ గోడ మీద అంటిస్తే అక్కడికి వచ్చే పేదవాళ్ళకు బస్సు చార్జీలైనా మిగులుతాయి. తెల్లారుజామున బయల్దేరి వచ్చిన ముసలావిడ పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఆ మధ్యాహ్నమంతా షెడ్డు కిందే కూర్చుంది.

ఇంటి భోజనం కావాలంటే రిమాండు చేసిన కోర్టులో లాయరుతో పిటిషన్ వేయించాలి. 2023 సెప్టెంబరులో చంద్రబాబు నాయుడు రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నప్పుడు ఏసీబీ కోర్టు ఇంటి భోజనానికి అనుమతి ఇచ్చింది, అది ఈ దారినే. షుగరు, అల్సరు లాంటి జబ్బులుంటే డాక్టరు కాగితాలు జతచేసి తప్పకుండా వేయించండి. ఒక్క పండగ పూట అరిసెల కోసమైతే వద్దు, లాయరు ఫీజు దండగ.

అరిసెల బదులు మూడోసారి నేను పెట్టినవి ఇవి: పల్లీ పట్టీ సీలు ప్యాకెట్లు నాలుగు, ఖర్జూరం అరకిలో ప్యాకెట్టు ఒకటి, బిస్కెట్లు, పండ్లు. ప్యాకెట్ల మీద తయారీ తేదీ, ధర అచ్చు వేసి ఉండాలి. మిఠాయి కొట్లో తూచి కట్టిచ్చిన పెట్టె కూడా ఇంటి వంట కిందే లెక్క. పల్లీ పట్టీలో ఉన్నది బెల్లమే గదా, పండగ రుచి కొంతైనా అందుతుందని అది ఎంచుకున్నాను. పండ్లలో అరటి, యాపిల్ వెళ్ళాయి, బత్తాయిలు వెనక్కి వచ్చాయి. సిరంజితో మందు ఎక్కించి పంపినవాళ్ళున్నారట. యాపిల్ ఒకటో రెండో కోసి చూస్తారు, కోసినవి గంటలో నల్లబడతాయి కాబట్టి రెండు ఎక్కువ పెట్టండి. అరటిపండ్లు దోరవి కొనండి, బాగా పండినవి ఆ చేతుల్లో నలిగిపోతాయి. అన్నీ లోపలిది కనిపించే కవర్లలో పెట్టాలి. స్టీలు, గాజు అసలు వద్దు.

ఎంత పెట్టాలన్నది చాలామంది పొరపడే చోటు. బ్యారక్‌లో అందరికీ పంచుకుంటాడని అయిదు కిలోలు తీసుకెళ్తాం. బయటి నుంచి వచ్చినదాన్ని ఇంకో ఖైదీకి ఇవ్వకూడదని ఆ ప్రిజన్స్ చట్టంలోనే సెక్షన్ 32 ఉంది. ఇస్తే, బయటి నుంచి తెప్పించుకునే వీలును సూపరింటెండెంటు కొన్నాళ్ళు ఆపేయొచ్చు. కాబట్టి ఒక్క మనిషి రెండు మూడు రోజులు తినేంత పెట్టండి. సంచి తేలిగ్గా ఉంటే తనిఖీ కూడా తొందరగా అవుతుంది.

రెండోసారి వెనక్కి వచ్చింది బట్టల వల్ల. కొత్త చొక్కాను కొట్టువాడు మడిచి ఇచ్చినట్టే తీసుకెళ్ళాను. అందులో గుండుసూదులు, అట్ట, కాలరు కింద ప్లాస్టిక్ ముక్క. అవన్నీ పీకారు. అప్పుడు కాలరు దగ్గర అమ్మ పెట్టిన పసుపు రాలింది. "ఈ పొడి ఏంటమ్మా?" అని వేలికి రాసుకుని వాసన చూశాడు, ఇంకొకాయన్ని పిలిచి చూపించాడు. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా ఏ తల్లి ఇస్తుంది? ఆ సంగతి తెలియనివాళ్ళు కారు వాళ్ళు. ప్యాంటు నడుం దగ్గర నాడా ఉందని దాన్ని లాగి నా చేతిలో పెట్టారు, నాడా లేని ప్యాంటు జారిపోతుందని దాన్నీ నేనే తీసుకొచ్చేశాను. రెండో చొక్కా ఖాకీ రంగుకు దగ్గరగా ఉందని వద్దన్నారు. డ్రాయర్లు, బనియన్లు వరుసలో అందరికీ కనపడేలా ఒక్కొక్కటీ దులిపి చూశారు. ఆడవాళ్ళం తల దించుకుని నిలబడ్డాం.

బట్టలు ఎలా సర్దాలో ఇప్పుడు తెలిసింది. కొత్తవైనా ఒకసారి తడిపి ఆరేసి తీసుకెళ్ళండి, సూదులూ గంజీ అన్నీ పోతాయి. పసుపు తడిపి పెట్టి ఆరనివ్వండి, మరక ఉంటుంది గానీ పొడి రాలదు. ప్యాంటు ఎలాస్టిక్‌దే ఉండాలి, నాడా ఉంటే ఇంట్లోనే లాగేసి ఎలాస్టిక్ వేయించండి. ఖాకీ, తెలుపు వద్దు. ఖాకీ సిబ్బందిది, తెలుపు శిక్ష పడినవాళ్ళది. టోపీ ఉన్న స్వెట్టరు, బెల్టు, లేసుల బూట్లు వద్దు. చెప్పులు పల్చటి హవాయివే కొనండి, అట్ట మందంగా ఉంటే వంచి, కోసి చూస్తారు. దుప్పటికి అంచు మడత ఒంటి కుట్టుతో ఉంటే విప్పరు, రెండు పొరల బొంత అయితే కుట్టు విప్పుతారు. ప్రతిదాని లోపలివైపు మార్కరుతో యూటీ నంబరు రాయండి. మందులుంటే చీటీతో సహా షీటు కత్తిరించకుండా ఇవ్వండి. అవి జైలు డాక్టరు చేతికి వెళ్తాయి, సంచిలో కలపకండి.

గేటు బయట టీ కొట్టు దగ్గర "అయిదొందలివ్వండి, లోపలికి పంపించేస్తా" అనేవాడు ఒకడు ఉంటాడు. లాయరు గుమస్తా కూడా అదే మాట అన్నాడు. ఇద్దరికీ ఇవ్వలేదు. ఇచ్చినవాళ్ళ సంచులు ఎటు పోయాయో వాళ్ళకే తెలియదు.

మూడోసారి కూడా దుప్పటి దగ్గర ఆపారు. అప్పుడు నేను గొంతు పెంచకుండా అడిగాను: "సార్, ప్రిజన్స్ చట్టం సెక్షన్ 31లో రిమాండు ఖైదీ తిండి, బట్టలు, పరుపు బయటి నుంచి తెప్పించుకోవచ్చని ఉంది. మీ నిబంధన ప్రకారం కుదరదంటే ఆ మాట రాసివ్వండి." రాసివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. జైలరు వచ్చారు, దుప్పటి విప్పి చూసి తీసుకోమన్నారు. నా తర్వాత ఉన్న నలుగురి దుప్పట్లు కూడా వెళ్ళాయి. ఆ పని చేయగలిగినందుకు నాకు గర్వంగానే ఉంది. ఆ సెక్షనులో తనిఖీకి, జైళ్ళ ఐజీ ఆమోదించిన నిబంధనలకు లోబడి అని కూడా ఉంది, దాన్ని దాచి వాదించకండి. వాళ్ళకు తెలుసు.

సంచి ఇచ్చాక చీటీ అడిగి తీసుకోండి. ఏమేం ఇచ్చారో ఒక్కొక్కటీ రాసి, పక్కన సంతకం, తేదీ ఉండాలి. ఇవ్వకపోతే మీరే రాసి సంతకం పెట్టమనండి. పండగ సెలవుల్లో ములాఖత్ ఉండదు, భోగి ముందు రోజు విపరీతమైన రద్దీ. జనవరి మొదటి వారంలోనే వెళ్తే ఒకసారి వెనక్కి వచ్చినా ఇంకోసారి వెళ్ళడానికి టైముంటుంది.

ఇవాళ పొద్దున తమ్ముడు జైలు ఫోను నుంచి చేశాడు. చొక్కా సరిపోయిందట, పల్లీ పట్టీ అందిందట. దుప్పటి మాత్రం ఇంకా స్టోరులోనే ఉందట. పండగ సెలవులు అవగానే చీటీ పట్టుకుని వెళ్ళాలి.