కుద్రేముఖ్ ట్రెక్, నా అనుభవం: ఎక్కడం అందరూ చెబుతారు, దిగడం ఎవరూ చెప్పరు

ఆదివారం కర్ణాటక పడమటి కనుమల్లోని కుద్రేముఖ్ కొండ ఎక్కి దిగాను. ఇవాళ బుధవారం. తొడల ముందువైపు నొప్పి ఇప్పుడిప్పుడే తగ్గుతోంది. ఇంట్లో మెట్లు ఎక్కగలుగుతున్నాను గానీ, దిగాలంటే ఇంకా రెయిలింగ్ పట్టుకోవాల్సి వస్తోంది. వెళ్లేముందు నేను చదివినవీ, చూసిన వీడియోలూ అన్నీ ఎక్కడం గురించే. శిఖరం మీద ఫోటోతో అయిపోతాయి. అక్కడికి రోజులో సగమే గడిచి ఉంటుంది, దారిలో కూడా సగమే.

తేలికైన పనులు ముందు చెప్పేస్తాను. పర్మిట్ కర్ణాటక అటవీశాఖ వారి అరణ్య విహార సైట్లో తీసుకోవాలి. రోజుకు ఇంతమందే అని పరిమితి ఉంది కాబట్టి శని, ఆదివారాలకు ముందే చూసుకోండి. బుక్ చేసేటప్పుడు ఇచ్చిన గుర్తింపు కార్డే వెంట తీసుకెళ్లండి. బెంగళూరు నుంచి రాత్రి బస్సులో కళస, అక్కడి నుంచి సంసె మీదుగా బాళెగల్, బాళెగల్ నుంచి ముల్లోడి దాకా జీపు. జీపు దారి ఆరు కిలోమీటర్లే అయినా రాళ్లూ గోతులూ కాబట్టి అరగంట పైనే పట్టింది. కడుపునిండా ఇడ్లీ తిని ఎక్కినవాళ్లు ఇబ్బంది పడ్డారు. అరటిపండు తిని ఎక్కండి, ఇడ్లీలు కట్టించుకోండి.

ముల్లోడి నుంచి శిఖరానికి వెళ్లి రావడం దాదాపు 20 కిలోమీటర్లు. శిఖరం ఎత్తు 1,894 మీటర్లు. మొదట్లో వాగులు, చెట్ల నీడ, ఆ తర్వాత ఒంటిమర. కన్నడంలో మర అంటే చెట్టు, మన మ్రానుకు చుట్టమే. పేరుకు తగ్గట్టే అక్కడ ఒకే ఒక్క చెట్టు ఉంటుంది. దారి తెలిసినవాళ్లు టైము లెక్క ఆ చెట్టు దగ్గరే చూసుకుంటారు. అది దాటాక గడ్డికొండల వీపుల మీద నడక, మధ్యమధ్య లోయ మడతల్లో షోలా అనే దట్టమైన అడవి ముక్కలు, చివర నిట్టనిలువు ఎక్కుడు. ఎక్కడానికి నాకు నాలుగు గంటల ముప్పావు పట్టింది. రోజూ ఐదారు కిలోమీటర్లు నడిచే అలవాటుంటే ఆయాసం తప్ప మరో కష్టం లేదు.

ఆ గడ్డికొండల గురించి ఒక మాట. మా గుంపులో ఒకాయన "చెట్లన్నీ నరికేశారు, పాపం" అన్నారు. ఎవరూ నరకలేదు. గాలి, మంచు, పలచటి మట్టి ఉన్న వీపుల మీద గడ్డి, తేమ నిలిచే మడతల్లో చెట్లు: ఈ కొండల సహజ రూపమే అది. ఏడాదికి దాదాపు 7,000 మిల్లీమీటర్ల వాన పడే చోటు ఇది. మన అనంతపురంలో పడేది 550 చిల్లర. అంత వానను గడ్డీ షోలా కలిసి పట్టి ఉంచి, ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా వదులుతాయి. ఈ కుద్రేముఖ్ జాతీయ పార్కులోని గంగామూలలోనే తుంగ, భద్ర, నేత్రావతి పుడతాయి. తుంగ, భద్ర కూడ్లి దగ్గర కలిసి తుంగభద్రై కర్నూలు మీదుగా వచ్చి కృష్ణలో కలుస్తుంది. ఈ కొండల్లోనే 2005 చివరిదాకా ఇనుప ఖనిజం తవ్వారు. సుప్రీంకోర్టు ఆదేశంతో ఆగింది. వాగు పక్కన బిస్కెట్ కాగితం పడేసే తెలుగువాడు ఆ నీళ్లు ఎవరింటి కుళాయికి వస్తాయో ఒకసారి ఆలోచించాలి. మా గుంపులో పడేసినవాటిని ఏరి సంచిలో వేసుకున్నాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

ఇక జలగలు. నాట్లు వేసేవాళ్లకు నీటి జలగ తెలుసు. ఇది నేల మీది జలగ, అక్కడివాళ్లు ఉంబళ అంటారు. అగ్గిపుల్ల కంటే సన్నగా ఆకుల మీద నిలబడి ఉంటుంది. మన అడుగుల అదురు, ఒంటి వేడి, మనం వదిలే ఊపిరి పసిగట్టి వస్తుంది. కొండ వీపుల మీద గాలికి తక్కువ. షోలాలోనూ వాగుల ఒడ్డునా ఎక్కువ. అందుకే అక్కడ నిలబడి నీళ్లు తాగకండి, ఫోటోలు వద్దు, దాటాకే ఆగండి. మామూలు సాక్సు అల్లికలోంచి దూరిపోతుంది. దగ్గరి నేతతో మోకాలి దాకా వచ్చే జలగ సాక్సులు అమ్ముతారు. మామూలు సాక్సు మీద అవి వేసి, ప్యాంటు అంచు లోపలికి దోపి, పైన తాడు బిగించాలి. గుడ్డలో ఉప్పు మూట కట్టి బూట్ల మీద అద్దుకుంటే పనిచేస్తుంది గానీ, వానలో పావుగంటకు కరిగిపోతుంది. కరిస్తే కంగారుపడి లాగొద్దు. సన్నటి కొస నోటివైపు. అక్కడ చర్మానికి ఆనించి గోరు పక్కకు జరిపితే పట్టు వదులుతుంది. పట్టుకుని ఉన్న జలగ మీద ఉప్పు, నిప్పు పెడితే తాగింది గాయంలోకే కక్కవచ్చు. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం వదులుతుంది కాబట్టి గంటో రెండు గంటలో కారుతూనే ఉంటుంది. కడిగి, గుడ్డతో నొక్కి కట్టండి. నాకు ఏడు కరిచాయి, ఇప్పటికీ దురదే తప్ప మరేం లేదు. జలగలకు భయపడి ఈ కొండ మానుకోవద్దు.

మానుకోవాల్సింది సరిగ్గా లేని బూట్లతో వెళ్లడం. నా రోజంతా అక్కడే చెడింది.

ముందు టైము సంగతి. మమ్మల్ని తీసుకెళ్లిన నిర్వాహకుల పేరు రాయను. ఆరున్నరకు నడక మొదలన్నారు. ఆలస్యమైన రెండో బస్సు కోసం ఆపి, టిఫిన్లు పెట్టి, ఎనిమిది ఇరవైకి కదిలించారు. అంటే దాదాపు రెండు గంటల వెలుతురు పోయింది. శిఖరం చేరేసరికి ఒంటిగంటా ఐదు. ఒకటిన్నరకల్లా దిగడం మొదలుపెట్టాలని గైడన్న లేపేశాడు. దిగడం తొందరగా అవుతుందని అందరం అనుకున్నాం. వాన పడిన దారిలో అలా అవదు. నాకు నాలుగు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. ఆగస్టు మబ్బులో, చెట్ల కింద ఐదింటికే మసక. మీరు లెక్క వేసుకునేటప్పుడు దిగడానికి ఎక్కినంత సమయమూ పెట్టుకోండి.

దిగడంలో కష్టం ఎక్కడుందంటే, ప్రతి అడుగులో తొడ ముందు కండరం సాగుతూనే బరువును ఆపాలి. మోకాలి మీద ఒంటి బరువుకు మూడు రెట్లదాకా పడుతుంది. నొప్పి ఆ రాత్రి పెద్దగా తెలియదు, రెండోనాడూ మూడోనాడూ తెలుస్తుంది. చదును మీద ఎంత నడిచినా ఈ కండరం సిద్ధం కాదు. మూడు వారాల ముందు నుంచీ అపార్ట్‌మెంట్‌లో పైకి లిఫ్టులో వెళ్లి, మెట్ల మీద నడిచి దిగండి. ఈ మాట నాకు ఒక్కరూ చెప్పలేదు.

దారి ఎలా ఉంటుందంటే, వేల కాళ్లు నడిచి ఎర్రమట్టి అడుగున్నర వెడల్పున కాలవలా అరిగింది. కింద గట్టి నేల, పైన వేలెడు జారుడు బురద, మధ్యలో నీళ్లు. పడిపోతామని వెనక్కి వాలతాం. వాలితే బరువు మడమ మీదికి పోయి కాలు ముందుకు జారుతుంది. గైడన్న చెప్పింది ఇది: మోకాళ్లు కొంచెం వంచు, ముక్కు బొటనవేలి మీదికి రావాలి, అడుగు సగమే వెయ్యి, బాగా వాలుగా ఉంటే పక్కకు తిరిగి దిగు. తడిసిన వేరు మీద ఎప్పుడూ కాలు వేయొద్దు, దాన్ని దాటి వెయ్యి. నల్లగా, పచ్చగా మెరిసే రాయి జారుతుంది, గరుకుగా బూడిదరంగులో ఉన్నది పట్టు ఇస్తుంది. కర్ర ఉంటే ఎక్కేటప్పటి కంటే జానెడులో సగం పొడుగు పెంచు. "నిధాన, నిధాన" అంటూనే ఉన్నాడు. ఆ మాటకు తెలుగు అక్కర్లేదు.

ఒంటిమర ఇంకా రెండు కిలోమీటర్లుందనగా నా కుడి బూటు మడమ దగ్గర చప్పుడు మొదలైంది. బురద పట్టిందనుకున్నాను. పది అడుగులకే సోల్ మడమ నుంచి మధ్యదాకా ఊడి వేలాడింది. పేరున్న ట్రెక్కింగ్ బూట్లు, ఐదేళ్ల కిందట కొన్నవి, మొత్తం నాలుగుసార్లు వేసుకున్నవి. చూడటానికి కొత్తవే. నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది: ఇలాంటి చాలా బూట్లలో పై తోలుకూ కింద రబ్బరుకూ మధ్య పాలీయురేథేన్ అనే మెత్తటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. గాల్లోని తేమతో అది ఏళ్ల తరబడి లోలోపలే విరిగిపోతుంది. ప్లాస్టిక్ కవర్లో కట్టి అటక మీద దాచిన జతలు ఇలా పోవడానికి బాగా అనువు. నేను జాగ్రత్త అనుకుని చేసిందే అది. పైకి ఏమీ కనబడదు. మొదటిసారి గంటల తరబడి తడిసి వంగినప్పుడు రవ్వలా రాలిపోతుంది. ఒక కాలిది పోయిందంటే రెండోది కూడా కాసేపట్లో పోతుంది. నాది నలభై నిమిషాల తర్వాత పోయింది.

నిర్వాహకుల తరఫున వెనకాల నడిచే కుర్రాడు అందరి ముందూ "బూట్లు చూసుకుని రావాలి కదా సార్, మీవల్ల పదిమంది ఆగిపోయారు" అన్నాడు. వాళ్లు పంపిన జాబితాలో "మంచి ట్రెకింగ్ షూస్" అని మూడు మాటలే ఉన్నాయి. వాళ్ల మెడికల్ సంచిలో దూదీ, బ్యాండెయిడ్లూ తప్ప మూర తాడు లేదు, టేపు లేదు. ఇరవై ఎనిమిది మందిని వానాకాలం కొండకు తీసుకెళ్లేవాళ్ల దగ్గర ఉండాల్సిన సరంజామా అది కాదు. ఆ కుర్రాడి మాట నాకు ఇంకా మంటగానే ఉంది.

గైడన్న ఏమీ అనలేదు. సంచిలోంచి రెండు మీటర్ల నైలాన్ తాడు తీసి, కూర్చోబెట్టి కట్టాడు. కట్టే పద్ధతి ఉంది. ముందు వేళ్ల కింద కడతాం అందరం. అక్కడ రాయికి రాసుకుని పది నిమిషాల్లో తెగుతుంది. మడమకు ముందున్న గుంట నేలకు తగలదు, అసలు కట్టు అక్కడ పడాలి. అక్కడి నుంచి పాదం మీద అడ్డంగా దాటించి, చీలమండ వెనక చుట్టి, ముందుకు తెచ్చి ముడి. వేళ్ల కింద రెండో చుట్టు ఆసరాకు మాత్రమే. ముందు కొస వేలాడనివ్వకూడదు, అది రాయికి తట్టుకుంటే ముఖం మీద పడతాం. నైలాన్ తడిస్తే ముడి జారుతుంది కాబట్టి రెండు ముళ్లు వేసి, ప్రతి ఇరవై నిమిషాలకూ బిగించాలి.

ఎడమ బూటు సోల్ పూర్తిగా ఊడిపోయింది. మిగిలిన నున్నటి అట్ట తడి రాయి మీద గాజులా జారింది. అప్పుడు చేసిన ఉపాయం నేనెక్కడా చదవలేదు: సంచిలో ఉన్న పొడి నూలు సాక్సును బూటు మీది నుంచే తొడిగించాడు. తడి రాయి మీద ఆశ్చర్యంగా పట్టు దొరికింది. బురదలో మాత్రం మట్టి పట్టి బరువెక్కుతుంది, ప్రతి వాగులో జాడించుకుంటూ రావాలి. వాగులు దాటేచోట చెయ్యి పట్టుకుని నడిపించాడు. అతని కాళ్లకు మాత్రం అడుగున బొడిపెలున్న మామూలు రబ్బరు బూట్లు, అతుకు లేకుండా ఒకే ముక్కలో పోసినవి. ఊడటానికి అందులో ఏమీ లేదు. ముల్లోడి చేరేసరికి ఐదూ యాభై. గైడ్ రుసుము నిర్వాహకుల ద్వారా వెళ్తుంది కాబట్టి అతని చేతికి విడిగా ఇచ్చాను. మీరూ అలాగే ఇవ్వండి.

వెళ్లేవాళ్లు వారం ముందు చేయాల్సిన పరీక్ష ఇది. బూటును రెండు చేతుల్తో గట్టిగా వంచండి, సోల్ అంచున గీతలు తేలుతున్నాయా చూడండి. మధ్య పొరలో గోరు గుచ్చండి. పొడి రాలినా, గుంట అలాగే ఉండిపోయినా ఆ జత వద్దు. తర్వాత రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తడిగానే ఐదు కిలోమీటర్లు నడవండి. ఊడేదైతే మీ వీధిలోనే ఊడుతుంది. కొనేటప్పుడు సోల్ అడుగున గాడులు నాలుగైదు మిల్లీమీటర్ల లోతున్నవి చూడండి. ముందు వేళ్లకూ బూటుకూ మధ్య వేలెడు ఖాళీ ఉండాలి, గోళ్లు కత్తిరించుకోవాలి, లేకపోతే దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడుతుంది. దిగడం మొదలుపెట్టేముందు పై రెండు కన్నాల దగ్గర లేసు మళ్లీ బిగించండి, పాదం ముందుకు జరగదు. సంచి లోపల పెద్ద చెత్త కవరు వేసి, అందులో సామాను పెట్టండి. గొడుగు కొండ వీపుల మీద గాలికి నిలవదు. రెండు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పొడి సాక్సులు రెండు జతలు, రెండు మీటర్ల తాడు, గట్టి గుడ్డ టేపు. చివరి రెండూ కలిపినా పెద్ద బరువేమీ ఉండవు.

ఈ ఉదయం కొత్త జత కొన్నాను. ఇంటికి తీసుకురాకుండా నేరుగా మా సందు మొదట్లో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లి, సోల్ చుట్టూ నైలాన్ దారంతో సైడు కుట్టు వేయమన్నాను. కుట్టు కన్నాల్లోంచి నీళ్లు దిగుతాయి బాబూ అన్నాడు. దిగనివ్వండి అన్నాను. రేపు ఇస్తాడు.