చివరి అంకె సున్నా ఎందుకైంది?

ఎక్సెల్‌లో 16 అంకెల నంబర్ కొడితే చివరిది సున్నా అయిపోతోందని ఫ్రెండ్ అడిగింది. కారణం దొరికాక భలే సంతోషమేసింది. ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెలే నిలుపుకుంటుంది, ఆ తర్వాతవన్నీ సున్నాలే. తర్వాత ఫార్మాట్ మార్చినా పోయిన అంకె తిరిగి రాదు. అందుకే టైప్ చేయకముందే ఆ సెల్ (గడి) ఫార్మాట్‌ని టెక్స్ట్‌గా మార్చుకోవాలి, లేదా నంబర్ ముందు ఒక అపాస్ట్రఫీ (') పెట్టాలి. మొదట్లో ఉండే సున్నాలు ఎగిరిపోకుండా ఆపేదీ ఇదే. అసలు కూడికలూ తీసివేతలూ అక్కర్లేని నంబర్ ఏదైనా టెక్స్ట్‌గానే ఉండాలని నా గట్టి అభిప్రాయం. తేదీ ఉండాల్సిన చోట 45292 కనిపిస్తే మాత్రం కంగారొద్దు, అది 2024 జనవరి 1. డేట్ ఫార్మాట్ ఇస్తే చాలు. ఇలాంటివి అడగడానికి చాలామంది మొహమాటపడతారు. నన్ను అడగండి, చెప్పడం నాకు నిజంగా ఇష్టం.