పైన్ వేర్ల మీద వంద మైళ్లు

టెక్సాస్‌లో హ్యూస్టన్ నుంచి ఐ-45 హైవే మీద ఉత్తరంగా గంటంబావు ప్రయాణిస్తే హంట్స్‌విల్ స్టేట్ పార్క్ వస్తుంది. రాకీ రకూన్ వంద మైళ్ల పరుగు ఫిబ్రవరి మొదట్లో ఇక్కడే జరుగుతుంది. ఒకప్పుడు 20 మైళ్ల చుట్టు అయిదుసార్లు తిరిగేవాళ్లు. మేం పరుగెత్తింది 25 మైళ్ల చుట్టు, నాలుగుసార్లు. గడువు 30 గంటలు, అంటే మైలుకి సగటున 18 నిమిషాలు.

కొండల్లేవు కాబట్టి తేలికనుకుని వస్తారు చాలామంది. కాళ్లు పడగొట్టేవి లాబ్లాలీ పైన్ వేర్లు. అవి దారికడ్డంగా పైకి తేలి ఉంటాయి, రాలిన సూదుల్లాంటి ఆకులు వాటిని కప్పేస్తాయి. పగలు అడుగు కాస్త ఎత్తి వేస్తే సరిపోతుంది. అలసిపోయాక పాదం లేవదు, బొటనవేలు నేరుగా వేరుకి కొట్టుకుంటుంది. గోళ్లు నల్లబడేది ఇలాగే. అందుకే మూడు రోజుల ముందే గోళ్లు కత్తిరించుకుని, అర సైజు పెద్ద బూట్లు వేసుకోవాలి.

ఉదయం 6కి చీకట్లోనే మొదలు. ఆరు గంటల్లో మొదటి చుట్టు అయితే మధ్యాహ్నం 12. రెండోది ఆరుముప్పావు గంటలు పడుతుంది, పొద్దు మాత్రం సాయంత్రం 6కే వాలిపోతుంది. కాబట్టి రెండో చుట్టుకి బయల్దేరేటప్పుడే లైటు వెంట ఉండాలి. ఎండలో దాన్ని, దారిలో అందుకోడానికి ముందే సర్ది పెట్టుకున్న డ్రాప్ బ్యాగ్‌లో వదిలేసి, చివరి రెండు మైళ్లు తడుముకుంటూ వచ్చినవాళ్లని చూశాను. తలకి కట్టిన లైటు ఒక్కటే అయితే వేర్ల నీడ కనబడదు, నేలంతా చదునుగా తోస్తుంది. నడుముకి ఇంకో లైటు కట్టుకుంటే ప్రతి వేరూ నీడ వేస్తుంది. మంచు పట్టిన రాత్రి ఊపిరి ఆవిరి తల లైటుకి అడ్డొచ్చినా నడుము లైటుకి అడ్డురాదు. ఈ దారికి నేను అన్నిటికంటే ముందు చెప్పే సలహా ఇదే.

తిండి గంటకి 200 నుంచి 300 కేలరీలు, నీళ్లు దాదాపు అర లీటరు. దాహం లేకుండా వట్టి నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో సోడియం పలచబడుతుంది. వేళ్లు ఉబ్బి, వాంతి వచ్చేలా ఉండి, తలనొప్పి పట్టుకుంటే నీళ్లు తగ్గించి వైద్య సిబ్బందికి చెప్పాలి. ఉడికించిన ఆలుగడ్డ ఉప్పులో అద్దుకుని తింటే కడుపు బాగా ఒప్పుకుంటుంది. శాకాహారులు దారిలో తిండీ నీళ్లూ ఇచ్చే ఎయిడ్ స్టేషన్లో వేడి సూప్ తీసుకునే ముందు అడగాలి, చాలాసార్లు అది కోడి ఉడికించిన నీళ్లే. మనవాళ్లు జిప్ కవర్లలో పులిహోర ముద్దలు తెచ్చుకుంటారు. పల్లీలు, శనగపప్పు తీసేసి చేస్తే నమలడం తేలిక.

యాభై మైళ్ల దగ్గర పది నిమిషాలు పోయినా సరే, చొక్కా, మేజోళ్లు మార్చాలి. చెమట చొక్కాతో నడకలోకి దిగితే ఒళ్లు అరగంటలో చల్లబడిపోతుంది. ఇసుక, పైన్ ఆకులు మేజోళ్లలో దూరి బొబ్బలు లేపుతాయి, చీలమండకి గెయిటర్లు (బూటు పైభాగాన్ని కప్పే గుడ్డ తొడుగులు) కడితే చాలావరకు ఆగుతాయి. తెల్లవారుజామున చెరువు దగ్గరి చెక్క వంతెనలు జారుతాయి, అక్కడ నడవడమే మేలు.

మూడో చుట్టు ఎనిమిది గంటల్లో ముగిస్తే రాత్రి 2:45 అవుతుంది. నాలుగోదానికి మిగిలేది తొమ్మిదింబావు గంటలు, అందులో మొదటి నాలుగున్నర చీకటే.