ఏయూ చెట్ల కింద అప్పన్న: లైవ్ పెయింటింగ్ ఎంతవరకు వచ్చిందంటే

ఆంధ్రా యూనివర్సిటీలో చెట్టు కింద స్టాండు పెట్టుకుని దేవుడి బొమ్మలు వేస్తున్నాను కదా, వినాయకుడు, దుర్గమ్మ అయ్యారు. ఈసారి సింహాచలం అప్పన్న, అదీ చందన రూపంలో. కళ్ళు లేవు, చేతులు లేవు. లింగాకారంలో ఒక్క గంధపు ముద్ద. తేలికే అనిపిస్తుంది గానీ, లైవ్‌లో ఇంతకన్నా కష్టమైన బొమ్మ నాకు తగల్లేదు. దుర్గమ్మకి కళ్ళు దిద్దుతుంటే జనం వాళ్ళంతట వాళ్ళే ఆగుతారు. ఇక్కడ ఆపాల్సింది వెలుగునీడలే.

రెండు బై మూడు అడుగుల కాన్వాసు. బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) నీళ్ళగా కలిపి ఇంట్లోనే పూసి, ఆరాక తీసుకెళ్తాను. ఆరుబయట తెల్ల కాన్వాసు కళ్ళు జిగేల్మనిపిస్తుంది, ఏ రంగు లేతో ఏది ముదురో తెలియదు. గీత సుద్దముక్కతోనే. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

పూతల లెక్క గుడి నుంచే తీసుకున్నాను. అక్షయ తృతీయ నాడు చందనం తీసిన నిజరూప దర్శనం అయ్యాక స్వామికి చందనమంతా ఒకేసారి పూయరు. ఆ రాత్రి మూడు మణుగులు, తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి మూడేసి మణుగులు. నేనూ నాలుగు విడతలే పెట్టుకున్నాను. మొదట నీడ వైపు మట్టి పసుపు రంగు ఎల్లో ఆకర్‌లో కాస్త బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమరంగు). తర్వాత ఆకర్, తెలుపు కలిపి ఒళ్ళంతా పలచగా. మూడోది వెలుగు పడే వైపు, దాదాపు పొడి బ్రష్‌తో. చివరిది చుక్క నీళ్ళు లేకుండా, చిక్కగా, పాలెట్ నైఫ్‌తో. అసలు చందనం కనబడేది ఇక్కడే: నైఫ్ అంచు వదిలిన గట్టు మీద వెలుగు ఆగుతుంది, పక్కనే కింది గోధుమరంగు సన్నగా తొంగిచూస్తుంది. అక్రిలిక్ ఆరాక ఓ ఛాయ ముదురుతుంది కాబట్టి, కావలసినదానికన్నా లేతగానే కలుపుకోవాలి.

మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి. స్టాండుకి నీళ్ళ సీసాల సంచి వేలాడదీయకపోతే కాన్వాసు పడిపోతుంది. పాలెట్ మీద రంగు తొక్కకట్టకుండా స్టీలు మూతలో తడి టిష్యూ, దాని మీద బటర్ పేపర్. గొడుగు తెల్లదో నల్లదో అయితేనే మంచిది. రంగు గొడుగైతే గంధం మీద ఆ రంగే పడుతుంది.

రెండో పూతలో ఉండగా ఒక కుర్రాడు, "శివలింగమా సార్?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, ఊడుస్తున్న పెద్దావిడ చీపురు ఆపి, "ఏటి బాబూ, అప్పన్న బాబుని ఎరగవా? సందనం ఇంకా పుయ్యాలి" అంది. సగం బొమ్మ ముందే చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుని వెళ్ళింది. అప్పటి నుంచి కాన్వాసు అడుగు అంచు మోకాళ్ళకన్నా కిందికి రానివ్వడం లేదు.

తర్వాత నిజరూపం. వరాహ ముఖం, మనిషి శరీరం, సింహపు తోక, పైగా త్రిభంగి, అంటే ఒళ్ళు మూడు చోట్ల వంపు తిరిగిన భంగిమ. శిల్పశాస్త్రంలో ముఖాన్ని 12 అంగుళాలుగా (ఇంచీలు కాదు, బొమ్మను బట్టి మారే కొలత) తీసుకుంటే నవతాళం, అంటే తొమ్మిది ముఖాల నిలువు, 108 అంగుళాలు. మూతి ముందుకు సాగిన ముఖానికి ఆ కొలత ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఇంకా తేలలేదు. ముందు ఇంట్లో బ్రౌన్ పేపర్ మీద బొగ్గుతో కొన్ని గీసి చూడాలి.