మా ఇంట్లో కీచురాయి: గ్రాఫిక్స్ కార్డు కూతతో నా అనుభవం

నవంబరు రెండో వారంలో కూలర్ ఆపేశాం. అనంతపురంలో ఇంట్లో కూలర్ ఆగిందంటే చలికాలం వచ్చినట్టే. ఆ రాత్రి ఓ పెళ్ళి వీడియోకి రంగులు సరిచేస్తూ కూర్చున్నాను. మా ఆవిడ పక్క గదిలోంచి వచ్చి, "ఏమండీ, కీచురాయి దూరినట్టుంది, కాస్త పట్టుకుని బయట పడేయండి. పాప నిద్రపోవడం లేదు" అంది.

టార్చి పట్టుకుని బీరువా కింద, కర్టెన్ల వెనక, ఆఖరికి చెప్పుల స్టాండులో కూడా వెతికాను. నేను వెతుకుతున్నంతసేపూ అది నోరు మెదపలేదు. వచ్చి కూర్చుని ప్లే నొక్కగానే 'కీ...' అని మొదలు. పాజ్ చేస్తే ఆగిపోయింది. టైమ్‌లైన్ మీద ముందుకీ వెనక్కీ జరిపితే కూత కూడా సాగుతూ తెగుతూ వెంబడే వచ్చింది. అప్పటికి గానీ నాకు వెలగలేదు, కీచురాయి కంప్యూటర్ క్యాబినెట్‌లోనే ఉందని.

క్యాబినెట్‌లో అరిచే వస్తువులు చాలా ఉంటాయి కదా. ఫోటో పేపరు రోల్ మధ్యలో ఉండే అట్ట గొట్టం ఒకటి దొరికితే, ఒక కొన చెవికి పెట్టుకుని రెండో కొనను లోపల ఒక్కో భాగం దగ్గరికీ తీసుకెళ్ళాను. ఫ్యాన్లకి తగలకుండా, దేన్నీ ముట్టుకోకుండా. పవర్ సప్లై దగ్గర ఉత్త గాలి చప్పుడు. హార్డ్ డిస్కు దగ్గర కటకట. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి రాగానే చెవిలో సూది గుచ్చినట్టయింది. కార్డు ఫ్యానేమో అనుకున్నాను గానీ, మా కార్డు వేడెక్కేదాకా ఫ్యాన్లు తిరగవు. గేమ్ తెరిచిన మొదటి నిమిషంలో ఫ్యాన్లు కదలకుండా ఉన్నాయి, కూత మాత్రం ఉంది. దీన్ని కాయిల్ వైన్, అంటే తీగచుట్ట కూత అంటారని విన్నాను. నా నెత్తినే పడుతుందనుకోలేదు.

కార్డు జూన్‌లో బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్నది. అంటే ఐదు నెలలుగా అరుస్తూనే ఉందన్నమాట, కూలర్ హోరులో మాకు తెలియలేదు. షాపుకి ఫోన్ చేస్తే, "పని చేస్తోందా లేదా సార్? శబ్దానికి వారంటీ రాదు" అన్నారు. కంపెనీ సర్వీసు వాళ్ళూ అదే పాట. దానివల్ల కార్డు పాడవదని మాత్రం చెప్పారు. ఆ మాట నిజమే, కానీ నిద్రపోని పాపకి అది చెప్పి ఏం లాభం?

మా నాయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పిలిచి వినిపించాను. రెండు నిమిషాలు చెవి ఒగ్గి, "నాకేం వినపడలేదప్పా" అన్నాడు. వయసు మీద పడేకొద్దీ ముందు పోయేది సన్నని శబ్దాలే. ఫోన్‌లో ఓ యాప్ పెట్టి చూస్తే ఈ కూత 8 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంది, ఆయనకి అందని ఎత్తు. అయినా సంగతి పట్టేశాడు. "ట్రాన్స్‌ఫార్మర్ గుయ్ అనదా? ఇదీ అంతే. పాతూరులో వైండింగ్ షాపుకి పోయి అడుగు, వాళ్ళకి తెలుస్తాది."

నవ్వుకున్నాను గానీ, మర్నాడు నిజంగానే వెళ్ళాను. బోరు మోటార్లు విప్పి నేలంతా పరిచిన షాపు. షాపాయన కార్డుని అటూ ఇటూ తిప్పి, వరసగా ఉన్న బూడిదరంగు దిమ్మల మీద వేలు పెట్టాడు. అవే చోకులు, అంటే లోపల తీగ చుట్టిన కాయిళ్ళు. "చుట్టు వదులుంటే ఏ కాయిలైనా పాడతాది సామీ. వార్నిష్ తాగించి కాల్చితే నోరు మూస్తాది. దీన్నెట్ల తాగించేది? చుట్టూ మూసేసినారు." చోకుల చుట్టూ జిగురు పోసి చూద్దామా అనే ఆలోచన నాకూ ఉండింది. అక్కడితో మానుకున్నాను. వారంటీ పోగొట్టుకుని పైన జిగురు పూసినా లోపలి తీగ కదలక మానదు.

ఆ దిమ్మల గుండా వెళ్ళే కరెంటుని కార్డు సెకనుకి లక్షలసార్లు ఆపుతూ వదులుతూ ఉంటుంది. ఆ వేగం మన చెవికి అందేది కాదు. కానీ ఒక్కో ఫ్రేమ్, అంటే తెర మీద కనపడే ఒక్కో బొమ్మ గీసేటప్పుడు కరెంటు ఒక్కసారి పెరిగి తగ్గుతుంది. ఆ ఎగుడుదిగుళ్ళు మనకి వినపడే పరిధిలోకి వస్తాయి. తీగ చుట్లు, వాటి మధ్యనున్న కోర్ ఆ తాళానికే వణుకుతాయి. గేమ్ ఆడేటప్పటికంటే గేమ్ మెనూలో కూత ఎందుకు ఎక్కువో ఇది తెలిశాక అర్థమైంది. మెనూలో గీయడానికి పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి కార్డు సెకనుకి 900 ఫ్రేములు గీసిపడేస్తోంది. నా మానిటరు చూపించగలిగేది 75.

కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్ ఉంటుంది కదా, ఆ డ్రైవర్ సెట్టింగుల్లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ అని ఒకటుంది. 75 పెట్టాను. మెనూలో కూత టక్కున ఆగింది. పైసా ఖర్చు లేదు.

అయితే నా తిండి గేముల్లో లేదు కదా. వీడియోలో గరుకు చుక్కలు తుడిచే నాయిస్ రిడక్షన్ వేస్తే కార్డు పూర్తి బలం పెడుతుంది, అప్పుడు ఫ్రేమ్ లిమిట్ పనిచేయదు. నాయిస్ తగ్గిస్తుంటేనే నాయిస్ పెరగడం ఏమిటో! దీనికి వోల్టేజీ తగ్గించాల్సి వచ్చింది. కార్డు వేగం, వోల్టేజీ మార్చే ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజీకి ఎంత వేగమో చూపే గీత వస్తుంది. మొదట ఆశకి పోయి, వేగం తగ్గించకుండా 900 మిల్లీవోల్టులకి దించాను. ఎక్స్‌పోర్ట్ సగంలో స్క్రీన్ నల్లబడింది. ఆ పెళ్ళివాళ్ళు మర్నాడు పొద్దున్నే వస్తామన్నారు, నా టెన్షన్ ఏం చెప్పమంటారు. మళ్ళీ 950కి పెంచి, వేగం 2700 మెగాహెర్ట్జ్ నుంచి 2550కి దించి, అక్కడి నుంచి గీతని చదును చేశాను. కార్డు లాగే కరెంటు 195 వాట్ల నుంచి 155కి వచ్చింది. పదిహేను నిమిషాల రెండర్‌కి నలభై సెకన్లు ఎక్కువ పడుతోంది, అంతే. కూత సగానికి పైగా తగ్గింది. ఎండాకాలం గదిలో వేడి కూడా కొంచెం తగ్గుతుందనే ఆశ ఒకటి.

మధ్యలో స్టూడియో నడిపే ఫ్రెండు దగ్గర వేరే పవర్ సప్లై తెచ్చి మార్చి చూశాను. శ్రుతి కాస్త మారింది, కూత పోలేదు. ఎవరి సిస్టమ్‌లోనైనా పనిచేయొచ్చేమో గానీ, కొనేముందు ఇలా అరువు తెచ్చి చూడటం మంచిది.

క్యాబినెట్‌ని బల్ల మీంచి కిందికి దించి, గాజు పలక ఉన్న వైపుని గోడకేసి తిప్పాను. గాలి ఆడటానికి జానెడు సందు వదిలాను. వాయిస్ రికార్డు చేసేటప్పుడు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మూసేస్తున్నాను. పాత రికార్డింగుల్లో పడిపోయిన కూతని ఈక్వలైజర్‌లో ఆ 8 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నగా కోసేస్తే చాలావరకు పోయింది.

మొన్న డ్రైవర్ అప్‌డేట్ చేశాక, "ఏమండీ, మీ కీచురాయి మళ్ళీ వచ్చింది" అని లోపలి నుంచి కేక. సెట్టింగులన్నీ చెరిగిపోయాయి. అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి క్యాబినెట్‌కి అతికించి పెట్టాను.