చదరంగంలో ఫ్రెంచ్ డిఫెన్స్ మీద ప్రిపరేషన్: ఆరో వారం

2024 నవంబరు 25న సింగపూర్‌లో చదరంగం ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటి గేమ్‌లో గుకేశ్ ఇ4 (రాజు ముందున్న బంటుని రెండు గళ్లు జరపడం) ఆడితే, డింగ్ లిరెన్ ఫ్రెంచ్ (దానికి ఇ6తో ఇచ్చే జవాబు) ఆడి నల్లపావులతో గెలిచాడు. అప్పటి నుంచీ ఫ్రెంచ్‌కి నా దగ్గర గట్టి జవాబు ఒకటి ఉండాలని పట్టుదల. గుకేశ్‌కి సెకండ్లుగా (ప్రిపరేషన్‌లో సాయం చేసే ఆటగాళ్లుగా) పనిచేసిన వాళ్లలో మన గుంటూరు హరికృష్ణ కూడా ఉన్నాడు. వాళ్లు చేసే పనిని నా స్థాయిలో చేసి చూద్దామని కూర్చున్నాను.

ల్యాప్‌టాప్ మామూలుదే, 16 జీబీ ర్యామ్. ఎత్తులు లెక్కగట్టే చెస్ ఇంజన్ స్టాక్‌ఫిష్ ఉచితం. ప్రాసెసర్‌కున్న ఎనిమిది థ్రెడ్లలో ఆరు దానికిచ్చాను, హ్యాష్ (లెక్కలు దాచుకునే మెమరీ) 4096 ఎంబీ. మల్టీ పీవీ 3, అంటే మొదటి మూడు మంచి ఎత్తులూ చూపించడం, తప్పనిసరి. ఒక్క ఎత్తే చూపిస్తే రెండోదానికీ దానికీ తేడా ఎంతో తెలీదు. డెప్త్ (ఇంజన్ ఎంత లోతుగా వెతికిందో చెప్పే అంకె) 30 దాటకుండా ఏదీ నా ప్రిపరేషన్ ఫైల్లోకి ఎక్కించడం లేదు.

మొదటి రెండు వారాలు మెయిన్ లైన్‌తో (ఎక్కువగా ఆడే ఎత్తుల వరసతో) హాయిగా గడిచాయి, తెల్లపావుల ఎత్తులు ఇవి: నైట్ సి3, ఇ5, ఎఫ్4, నైట్ ఎఫ్3, బిషప్ ఇ3. మూడో వారం ఏడో ఎత్తుగా నల్లపావుల క్వీన్ బి6 దగ్గర ఆగిపోయాను. మనం (తెల్లపావులు) నైట్ ఎ4, వాడు (నల్లపావులు) క్వీన్ ఎ5 చెక్, మనం సి3, వాడు సి పాన్‌తో (బంటుతో) డి4 తీస్తాడు, మనం బి4, వాడి నైట్ బి4 తీస్తుంది. ఆ నైట్‌ని మనం తీసి, డి2లో బిషప్‌లు మారేసరికి మనకో నైట్ ఎక్కువ, వాడికి మూడు పాన్లు ఎక్కువ. ఇంజన్ తెల్లపావులకే మొగ్గు చూపించింది. సంతోషంగా రాసేసుకున్నాను. తర్వాత ఒక మిత్రుడితో ఆ పొజిషన్ నుంచి ఆరు గేములు ఆడితే నాలుగు ఓడాను.

ఎందుకో తెలుసుకోడానికి వారం పట్టింది. 13వ ఎత్తుకి వాడు బి6 ఆడి, బిషప్ డి3కి బిషప్ ఎ6, నైట్ బి2కి నైట్ సి5 అంటాడు. బిషప్‌లు మారాక వాడి క్వీన్ ఎ6 నుంచి ఎఫ్1 గడిని చూస్తూ ఉంటుంది. మనకి కాజిల్ చేసే (రాజుని రూక్ పక్కన భద్రంగా దాచే) దారి లేదు! నేను ప్రతిసారీ రాజుని మధ్యలో వదిలేసి ఏదో ఒకటి ఆడాను. అక్కడ కావాల్సింది క్వీన్ ఇ2. క్వీన్లు మారితే మన అదనపు నైట్‌కి విలువ వస్తుంది, మారకపోతే కాజిల్‌కి దారి దొరుకుతుంది. ఇంజన్ ఇచ్చిన నంబరు (ఎవరి పొజిషన్ మెరుగో చెప్పే అంచనా) సరైనదే, కానీ ఈ కారణం ఆ నంబరులో కనిపించదు.

2021లో యెకాటెరిన్‌బర్గ్ క్యాండిడేట్స్‌లో (ప్రపంచ ఛాంపియన్‌కి పోటీదారుని తేల్చే టోర్నమెంట్‌లో) అమెరికా ఆటగాడు కరువానా ఆడిన బిషప్ సి4 ఇప్పుడు నాకు ఇంకా బాగా నచ్చుతోంది. నైడార్ఫ్ అనే ఓపెనింగ్‌లోని పాయిజన్డ్ పాన్ లైన్లో, ఆ ఓపెనింగ్‌లో దిట్ట అయిన ఫ్రెంచ్ ఆటగాడు వాషియే-లాగ్రావ్ మీదే వేశాడు. కరువానా ఆ పొజిషన్‌ని ఇంట్లోనే నమిలి వచ్చాడు. అవతలివాడు మాత్రం గడియారం నడుస్తుండగా ఒంటరిగా వెతుక్కోవాలి.

అందుకని నా ఫైల్లో పద్ధతి మార్చాను. ప్రతి లైను చివర నంబరు కొట్టేసి, తెలుగులో ఒక వాక్యం రాస్తున్నాను: "క్వీన్లు మార్చు, రాజుని ఇ1లో ఉంచకు." నిన్నటికి పదకొండు లైన్లకి రాశాను. వచ్చే వారం 13వ ఎత్తుగా వాడు బి6 బదులు జి5 ఆడితే ఆ సంగతి చూడాలి. మన రూక్ బి1 తర్వాత వాడు ఎఫ్4 పాన్ తీసేస్తే మనం బిషప్ బి5 ఆడటం ఎందుకో ఇంకా నా మాటల్లో రాయలేకపోతున్నాను.