కళ్ళు మూసుకుంటే కనిపించదట

చిన్నపిల్లలతో దాగుడుమూతలు ఆడాలంటే నటన బాగా రావాలి. మా అమ్మాయికి మూడేళ్ళప్పుడు దాక్కోవడమంటే హాల్ మధ్యలో నిలబడి రెండు చేతులతో కళ్ళు మూసుకోవడమే. మేమేమో దాని చుట్టూ తిరుగుతూ సోఫా కింద, తలుపు వెనకాల వెతకాలి. "మా పాప ఏదీ? ఎవరైనా చూశారా?" అని గట్టిగా అడగాలి. అది నవ్వు ఆపుకోలేక పొట్ట ఊగిపోతుండేది. వాళ్ళన్నయ్యకి ఈ నటన అస్సలు చేతకాదు. "అమ్మా, ఇక్కడే ఉందిగా!" అని వేలు పెట్టి చూపించేసేవాడు. అది చేతులు తియ్యకుండానే "నేను లేను!" అని అరిచేది.

అందులో ఎంత ఆలోచన ఉందో తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. 2012లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ పరిశోధకులు మూడు, నాలుగేళ్ళ పిల్లల కళ్ళకి గంతలు కట్టి, "ఇప్పుడు నువ్వు నాకు కనిపిస్తున్నావా?" అని అడిగారు. చాలామంది కనిపించడం లేదన్నారు. "మరి నీ తల?" అంటే, అది కనిపిస్తోందన్నారు! అంటే ఒళ్ళు ఎదురుగా ఉందని వాళ్ళకి తెలుసు. "నేను" కనిపించాలంటే మాత్రం కళ్ళూ కళ్ళూ కలవాలి.

మా పిల్ల విషయంలో ఇది అక్షరాలా నిజం. నేను పని చేసుకుంటూ "వింటున్నానమ్మా, చెప్పు" అంటే ఒప్పుకోదు. నా రెండు బుగ్గలూ పట్టుకుని మొహాన్ని తన వైపు తిప్పుకుంటుంది. నా కళ్ళలోకి చూసి, అప్పుడు మొదలుపెడుతుంది. తీరా చెప్పేది, చీమ ఒకటి గోడెక్కి మళ్ళీ దిగిపోయిందని. అయినా ఆ చేతుల మధ్య మొహం పెట్టి వినడం నాకెంత ఇష్టమో.

ఫోన్‌లో వాళ్ళ అమ్మమ్మతో మాట్లాడటం ఇంకో ముచ్చట. వీడియో కాల్ కాదు, మామూలు కాలే. "బాగున్నావా తల్లీ?" అంటే ఇక్కడ తలూపుతుంది. "ఏం చేస్తున్నావ్?" అంటే గీస్తున్న బొమ్మని ఫోన్ ముందు పెడుతుంది. మొదట్లో నేను మధ్యలో దూరి, "అమ్మా, అది నీకు బొమ్మ చూపిస్తోంది" అని చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి ఆ అవసరమే లేకుండా పోయింది. ఇటు నుంచి మాట ఆగితే చాలు, అమ్మ తనంతట తనే అందుకుంటుంది. "అబ్బో, ఎంత బాగా వేశావే! సూర్యుడు కూడా ఉన్నాడా?" సూర్యుడు లేకపోతే ఇది గబగబా గీసి మళ్ళీ చూపిస్తుంది. మా అమ్మ చూడకుండానే మెచ్చుకున్న ఆ కాగితాలన్నీ దాచి ఉంచాను. వాటిలో చాలావాటికి సూర్యుడు చివర్లో, కంగారుగా వచ్చినవాడే.

నీళ్ళ గ్లాసుల గొడవ మాత్రం ఎంతకీ తెగదు. వెడల్పు గ్లాసులో పోస్తే తక్కువైందని ఏడుపు, అవే నీళ్ళు దాని కళ్ళెదుటే సన్నటి పొడుగు గ్లాసులోకి వంచితే సంతోషం. పిల్లల ఆలోచనలని పరిశీలించిన జీన్ పియాజే ఈ వయసు పిల్లలకి ఎత్తే లెక్క అని ఎప్పుడో చూపించాడు. ఆ సంగతి వాళ్ళన్నయ్యకి ఎవరు చెప్పాలి? "రెండూ ఒకటేనే!" అని మొత్తుకుంటాడు.

ఇంత తెలివైన అన్నగారికీ ఆరేళ్ళు రాగానే కింద ముందు పన్ను కదిలింది. పాలపళ్ళు మొత్తం 20, అన్నీ ఒక్కొక్కటే ఊడి కొత్తవి వస్తాయని నేను ముందే చెప్పి ఉంచాను. ధైర్యంగానే ఉన్నాడు. తీరా పన్ను చేతిలోకి వచ్చాక అద్దంలో ఆ ఖాళీ చూసుకుని బావురుమన్నాడు. రేపు స్కూల్లో అందరూ నవ్వుతారట. నేను ఎంత దగ్గరికి తీసుకున్నా ఊరుకోలేదు.

చెల్లి కాసేపు వాడినే చూసింది. తర్వాత ఎదురుగా వచ్చి నోరు బార్లా తెరిచింది.

"అన్నయ్యా, నాది ఒకటి తీసుకో."

వాడు ఏడుపు ఆపి, నిజంగానే లోపలికి తొంగిచూశాడు. ఒక్కొక్కటీ వేలితో ముట్టుకుని, చివరికి ఒకటి ఎంచుకున్నాడు. అది నోరు మూసుకుని ఒక్క క్షణం ఆలోచించి, "స్కూల్ నుంచి రాగానే ఇచ్చెయ్యాలి మరి" అంది. వాడు సరేనన్నాడు.